కోర్సు జాబితాలో కొట్టివేయని పేర్లు
(పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

సైనిక అకాడమీలో తమతో కలిసి శిక్షణ పొంది, ఆ తర్వాత యుద్ధంలోనో, ప్రమాదంలోనో, జబ్బు చేసో, వయసు మీదపడో వెళ్లిపోయిన సహాధ్యాయులను ఎలా స్మరించుకోవాలని అడుగుతూ కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. అకాడమీలో ఒకేసారి చేరిన బ్యాచ్‌ను ‘కోర్సు’ అంటారు. విశ్రాంత సైనికాధికారిగా నాకు తెలిసినంతలో జవాబు చెప్పడానికి ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను నౌకాదళంలో పనిచేసి రిటైరయ్యాను. పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి మా కోర్సు బయటికి వచ్చి త్వరలో యాభై ఏళ్లు నిండుతాయి. స్వర్ణోత్సవానికి అందరం మళ్లీ అక్కడ కలుస్తున్నాం. ఆ సందర్భంగా చనిపోయిన కోర్స్‌మేట్ల మీద ఒక చిన్న పుస్తకం తెచ్చే పని నాకు అప్పగించారు. యుద్ధాల్లోనూ, ఆపరేషన్లలోనూ ప్రాణాలిచ్చినవారికే పేజీలు కేటాయించి, మిగతావారి పేర్లు చివర ఒక్క పేజీలో వేస్తే చాలునని కమిటీలో కొందరు అంటున్నారు. అందరికీ సమానంగా చోటివ్వాలని మరికొందరు పట్టుబడుతున్నారు. మీరేమంటారు? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అందరికీ సమానంగా చోటివ్వండి. నా అభిప్రాయంలో ఇందులో రెండో మాటకు తావులేదు. ఎందుకో వివరిస్తాను.

ఖడక్‌వాస్లాలో ‘హట్ ఆఫ్ రిమెంబ్రెన్స్’ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పాఠకుల కోసం చెబుతున్నాను. అకాడమీ తొలినాళ్లలో క్యాడెట్లే శ్రమదానం చేసి కట్టుకున్న స్మారకం అది. అక్కడ చదివి, దేశం కోసం ప్రాణాలిచ్చిన అధికారుల పేర్లు అందులో రాసి ఉంటాయి. పాసింగ్ అవుట్ పరేడ్‌కు ముఖ్య అతిథిగా వచ్చినవారూ, రజతోత్సవానికో స్వర్ణోత్సవానికో తిరిగి వచ్చిన పాత కోర్సులవారూ అక్కడ పుష్పగుచ్ఛం ఉంచి మౌనం పాటిస్తారు. 1961 డిసెంబరు 5న కాంగోలో ఐక్యరాజ్యసమితి సేనల తరఫున పోరాడుతూ మరణించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా, 1971 డిసెంబరు 16న బసంతర్ వద్ద దెబ్బతిన్న ట్యాంకును వదిలి రానని నిలబడిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్, 1999 జులై 3న ఖాలుబార్ శిఖరం మీద నేలకొరిగిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే, ఈ ముగ్గురూ పరమవీర చక్ర పొందిన ఆ అకాడమీ వీరులు. ఖేత్రపాల్ 38వ కోర్సు, ఫాక్స్‌ట్రాట్ స్క్వాడ్రన్ (క్యాడెట్లు కలిసి ఉండే విభాగాన్ని స్క్వాడ్రన్ అంటారు). పాండే 90వ కోర్సు, మైక్ స్క్వాడ్రన్. సైన్యంలో చేరిన ఆరు నెలలకే ప్రాణాలిచ్చిన ఖేత్రపాల్ పేరునే అకాడమీ పరేడ్ మైదానానికి పెట్టారు. ఇవాళ అక్కడ అడుగు కలిపి నడిచే ప్రతి క్యాడెట్ నోటా రోజూ ఆ పేరు పలుకుతుంది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోనూ ఇలాంటి వీరుల పేర్లు గ్రానైట్ రాళ్ల మీద బంగారు అక్షరాలతో చెక్కి ఉన్నాయి. ప్రారంభించిన నాటికే ఆ పేర్లు 25,942.

అంటే, పోరులో పోయినవారి పేరును నిలబెట్టే బాధ్యతను దేశమూ, అకాడమీ, రెజిమెంటు తలా కొంత తీసుకున్నాయి. ఆ గోడల మీద ఎవరి పేరు ఉండాలన్నదానికి నియమం ఉంది, ఉండాలి కూడా. శత్రువు తూటాకు పోయినవారినీ, సెలవు మీద ఇంటికి వస్తూ రోడ్డు ప్రమాదంలో పోయినవారినీ సైన్యం రికార్డుల్లో వేర్వేరు పద్దుల కింద రాస్తుంది. కుటుంబానికి అందే పింఛనులో తేడా కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ విభజన ప్రభుత్వానికి అవసరం. కోర్సుకు ఆ అవసరం ఏమిటి? పదహారు, పదిహేడేళ్ల వయసులో మీరంతా ఒకే రోజున ట్రంకు పెట్టెలు మోసుకుంటూ ఆ గేటు దాటినప్పుడు, ఎవరు ఎలా పోతారో ఎవరికి తెలుసు? రిటైరయిన ఐదేళ్లకు క్యాన్సర్‌తో పోయినవాడి గురించి ఏ గోడా చెప్పదు, ఏ రెజిమెంటూ ఏటా దినం జరపదు. మీరు రాయకపోతే అతను అక్కడ ఉన్నాడన్న సంగతే మరుగున పడిపోతుంది. కాబట్టి ఆ చివరి ఒక్క పేజీలో సర్దేద్దామంటున్న పేర్ల కోసమే అసలు మీ పుస్తకం అవసరం.

ఇంకో రెండు రకాలవారిని మరచిపోవద్దు. మొదటివారు శిక్షణలో ఉండగానే పోయినవారు. ఈతకొలనులోనో, క్రాస్ కంట్రీ పరుగులోనో, ఖడక్‌వాస్లా అయ్యాక దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో విమానం నడపడం నేర్చుకుంటూనో ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాడు ఏ కోర్సులోనైనా ఒకరుంటారు. భుజం మీద స్టార్ పడక ముందే పోయాడు కనుక అతను అధికారి కాడు. అతని తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చేది కూడా అధికారి కుటుంబానికి ఇచ్చే పింఛను కాదు, ఎక్స్‌గ్రేషియా మాత్రమే. కోర్సులో అందరికంటే ముందు పోయినవాడూ అతనే, అందరికంటే తక్కువ మంది గుర్తుపెట్టుకునేదీ అతన్నే. అతనికి ఒక పూర్తి పేజీ ఇవ్వండి. ఆ స్క్వాడ్రన్‌లో అతని పక్క గదిలో ఉన్నవారెవరో వెతికి పట్టుకుని రాయించండి.

రెండో రకంవారు మధ్యలో వెళ్లిపోయినవారు. మోకాలు దెబ్బతిని మెడికల్ బోర్డు ఇంటికి పంపేసినవారూ, పరీక్ష తప్పడం వల్ల రెలిగేట్ అయి తర్వాతి కోర్సులో కలిసినవారూ ఇందులోకి వస్తారు. ఇంటికి వెళ్లిపోయినతను తర్వాత ఏ బ్యాంకులోనో ఉద్యోగం చేసి పోయి ఉండవచ్చు. మీతో ఒక్క టర్మ్ పరుగెత్తినా కోర్సు మనిషే, వేయండి. రెలిగేట్ అయినతని పేరు రెండు కోర్సుల పుస్తకాల్లోనూ ఉంటే తప్పేమీ లేదు. రెండు చోట్లా లేకపోవడమే తప్పు. తరచుగా అలాగే జరుగుతుంది: అతను వాళ్లవాడని వీళ్లూ, వీళ్లవాడని వాళ్లూ అనుకుంటారు.

వరుస క్రమం గురించి మీరు అడగలేదు కానీ, గొడవంతా అక్కడే వస్తుంది. హోదా ప్రకారం వేస్తే లెఫ్టినెంట్ జనరల్ ముందూ, లెఫ్టినెంటుగానే యుద్ధంలో పోయినవాడు చివరా పడతారు. అది చూడడానికే బాగుండదు. మరణించిన తేదీ ప్రకారం వేయడం కొంత నయం. నా ఓటు మాత్రం స్క్వాడ్రన్ వారీగా, క్యాడెట్ నంబరు వరుసకే. రోజూ ఫాలిన్‌లో, అంటే అందరూ వరుస కట్టినప్పుడు, హాజరు పిలిచిన క్రమం అదే కదా, అప్పుడు మీలో ఎవరికీ హోదా లేదు.

ఇక వివరాలు. అకాడమీ రిజిస్టరులో ఉన్న పూర్తి పేరు, కోర్సులో పిలిచిన పేరు, స్క్వాడ్రన్, చేరిన దళం, యూనిట్, మరణించిన తేదీ, ఊరు – ఇవి ప్రతి పేజీలోనూ ఒకే తీరున ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో జ్ఞాపకం మీద చెప్పిన తేదీని అచ్చు వేయకండి. కుటుంబాన్ని అడగండి, వీలైతే యూనిట్‌తోనూ సరిచూసుకోండి. యాభై ఏళ్ల కిందటి సంఘటన గురించి ముగ్గురు కోర్స్‌మేట్లను అడిగితే ముగ్గురూ మూడు శిఖరాల పేర్లు చెబుతారు, ముగ్గురూ ఒట్టేసి మరీ చెబుతారు. మరణ కారణం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఆత్మహత్య చేసుకున్నవారు కూడా కోర్సుల్లో ఉంటారు. అలాంటప్పుడు గుండెపోటని అబద్ధం రాయకండి, కుటుంబం అనుమతి లేకుండా నిజమూ రాయకండి. తేదీ, ఊరు రాసి ఊరుకోండి. ఆ ఒక్క పేజీలోనే కారణం లేదని ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలంటే, జబ్బుతో పోయినవారందరి పేజీల్లోనూ కారణం రాయకపోవడం మేలు.

ప్రశ్న: అకాడమీలో మూడేళ్లు నా పక్క గదిలో ఉన్న మిత్రుడు ఈ ఏడాది కన్నుమూశాడు. అతని మీద రెండు పేజీలు రాసిమ్మని కోర్సువారు అడిగారు. ఎంత ప్రయత్నించినా ‘మంచి మనిషి, ధైర్యశాలి, స్నేహశీలి, అందరికీ ఆత్మీయుడు’ అన్న మాటలే వస్తున్నాయి. రాసి చూసుకుంటే అది ఎవరి గురించైనా కావచ్చనిపిస్తోంది. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ అసంతృప్తి సరైనదే. ఆ నాలుగు మాటలూ పక్కన పెట్టి, అతను చేసిన పనులు రాయండి. ‘స్నేహశీలి’ అని రాస్తే చదివేవారికి ఏమీ కనబడదు. ‘రాత్రి లైట్లు ఆర్పాక టార్చి వెలుగులో నా డ్రిల్ బూట్లకు పాలిష్ పట్టి పెట్టేవాడు. పొద్దున అడిగితే తనకేం తెలియదనేవాడు’ అని రాస్తే మనిషి కనబడతాడు, ఆ తర్వాత స్నేహశీలి అని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మీకు తట్టకపోతే ఒక్కో చోటును గుర్తుచేసుకుంటూ వెళ్లండి. తరగతికి వరుసగా సైకిళ్ల మీద వెళుతున్నప్పుడు అతను ఎక్కడ ఉండేవాడు? చైను ఊడిపోతే ఏమనేవాడు? సింహగఢ్ కోట ఎక్కే రోజున బరువెక్కువైనవాడి ప్యాక్ ఎవరు మోశారు? టోర్నా క్యాంపులో, వానలో, ఎవరూ నోరు తెరవని వేళ అతను ఏ పాట అందుకున్నాడు? సీనియర్లు శిక్షగా ఫ్రంట్ రోల్స్ (పల్టీలు) వేయిస్తుంటే లెక్క ఎవరు తప్పించేవారు? అప్పటికి తెలుగు రాని మిత్రులకు అతను నేర్పిన మొదటి మాట ఏమిటి? (ఆ మాట అచ్చు వేయదగినదైతేనే రాయండి. మన కుర్రాళ్లు నేర్పే మొదటి మాట సంగతి మనకు తెలియనిది కాదు.)

అతన్ని దేవుణ్ని చేయవలసిన పని లేదు. కోపిష్టి అయితే ఎలా కోప్పడేవాడో రాయండి, లెక్కల్లో వెనకబడితే ఆ సంగతీ రాయండి. దేవుణ్ని చేస్తే, ఆ అతిశయోక్తులను చూసి అందరికంటే ముందు నవ్వేది అతని భార్యే. అయితే అవమానం కలిగించే మారుపేరూ, అతను ఎవరికీ చెప్పవద్దని మీకు చెప్పిన సంగతీ ఆ పేజీల్లోకి రాకూడదు. మరణించినవారికి ఖండించే అవకాశం ఉండదు.

సర్వీసులో అతను చేసిన పనుల గురించి మీరు రాయవద్దు. అది పక్క యూనిట్‌లో పనిచేసినవారో, అతని కింద పనిచేసిన సుబేదారో చెప్పాలి. వారి నుంచి ఒక్క పేరా తీసుకుని వారి పేరుతోనే చేర్చండి. మీరు చూసింది అకాడమీ మూడేళ్లే కనుక ఆ మూడేళ్లే రాయండి. అచ్చుకు ఇచ్చే ముందు అతని భార్యకో పిల్లలకో చదివి వినిపించండి. వారు తీసేయమన్నది మారు మాట్లాడకుండా తీసేయండి.

ప్రశ్న: మావారు ఆర్మీలో కల్నల్‌గా రిటైరయ్యారు. డెబ్బై రెండో ఏట పోయారు. ఆరోజు వారి కోర్సు గ్రూపులో వందల ‘ఓం శాంతి’లు వచ్చాయని మా అబ్బాయి చూపించాడు. పదిహేను రోజులు తిరగకుండానే మావారి నంబరును గ్రూపులోంచి తీసేశారు. నలభై ఏళ్లు వదినా, భాభీ అని పిలిచినవాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. ఇదే పద్ధతా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పద్ధతి కాదమ్మా. చాలా కోర్సుల్లో మనిషి పోయాక అతని స్థానంలో భార్యను గ్రూపులో చేర్చుకుంటారు. ఆమె వద్దంటే తప్ప రీయూనియన్ ఆహ్వానం ఆమెకే వెళుతుంది. కోర్సువారిలో ఒకరు, సాధారణంగా అదే ఊళ్లో ఉంటున్నవారు, ఆ కుటుంబం బాధ్యత చూస్తారు. మీ విషయంలో ఆ పని చేయవలసినవారు చేయలేదు. నంబరు తీసేసిన వ్యక్తి, మీ వారి ఫోను మూగబోయింది కదా అని యాంత్రికంగా తీసి ఉండవచ్చు. అయినా దాన్ని సమర్థించలేను. ‘ఓం శాంతి’ అని రెండు మాటలు టైపు చేసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టడంతో తమ వంతు అయిపోయిందనుకోవడం ఈమధ్య మా వర్గంలో బాగా పెరిగింది. ఇది చదివే విశ్రాంత అధికారులు ఎవరైనా ఉంటే, మీ కోర్సులో గత రెండేళ్లలో పోయినవారి భార్యలకు ఈ వారమే ఫోన్ చేయమని మనవి.

ఆ ఫోనులో ఏం మాట్లాడాలో తెలియక వెనకాడేవారి కోసం కొన్ని పనులు చెబుతాను. అమ్మా, మీరు కూడా వీటిని సరిచూసుకోండి. కుటుంబ పింఛను మొదలైందా? మీ వారు 67 ఏళ్లు దాటాక పోయారు కనుక మీకు వచ్చేది ఆయన చివరి జీతంలో 30 శాతం లెక్కన ఉండే సాధారణ కుటుంబ పింఛను. పింఛను పత్రంలో మీ పేరు అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, మీ పుట్టిన తేదీ నమోదైందా అన్నది ముఖ్యం. పాత పత్రాల్లో భార్య పుట్టిన తేదీ లేకుండానే వదిలేసినవి ఎన్నో ఉన్నాయి. 80 ఏళ్లు నిండాక పింఛను మీద 20 శాతం అదనంగా వస్తుంది. ఆ తేదీ లేకపోతే అప్పుడు అది ఆగిపోతుంది, ఆ వయసులో మీరు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది. ఏటా జీవన ప్రమాణపత్రం ఇవ్వడం, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డును మీ పేరు మీద సరిచేయించుకోవడం, ఆయన బ్యాంకు ఖాతాలూ పాలసీలూ చూసుకోవడం మిగతా పనులు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తులు రాసిపెట్టేవారుంటారు. ఒంటరిగా వెళ్లకుండా కోర్స్‌మేట్లలో ఒకరిని తోడు రమ్మనండి. రాజమహేంద్రవరంలో ఎవరూ లేకపోతే కాకినాడ నుంచో విశాఖ నుంచో రావచ్చు. రమ్మని అడగడానికి మీరు మొహమాటపడవలసిన అవసరం లేదు. మీ వారు బతికి ఉండి, ఇదే పని వాళ్ల ఇళ్లలో ఒకరికి పడితే, రాత్రి బండికి బయల్దేరి ఉండేవారా కాదా? మీకే బాగా తెలుసు.

ప్రశ్న: హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య పేరు ఖడక్‌వాస్లా స్మారకంలో ఎందుకు లేదు? కెప్టెన్ విక్రమ్ బాత్రా పేరూ లేదని ఒక మిత్రుడు అన్నాడు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు పేరు మాత్రం ఉంటుందా? – ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: ప్రతి అకాడమీ తన దగ్గర శిక్షణ పొందినవారినే స్మరించుకుంటుంది. ఇంటర్ తర్వాత ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి, ఆపై డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకో, ఏళిమల నౌకాదళ అకాడమీకో, దుండిగల్‌కో వెళ్లేవారు ఒక దారి. డిగ్రీ పూర్తిచేసి నేరుగా డెహ్రాడూన్ వెళ్లేవారు మరో దారి. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ద్వారా వచ్చేవారు ఇంకో దారి. 1999 జూన్ 28న తోలోలింగ్ ప్రాంతంలో ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన మేజర్ ఆచార్య చెన్నై నుంచి వచ్చినవారు. కెప్టెన్ బాత్రా డిగ్రీ తర్వాత డెహ్రాడూన్ వెళ్లినవారు. కాబట్టి వారి పేర్లను ఖడక్‌వాస్లాలో వెతకకూడదు. డెహ్రాడూన్‌లో ఉన్న యుద్ధ స్మారకాన్ని 1999లో ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా ప్రారంభించారు. ఏ దారిన వచ్చినా, జాతీయ యుద్ధ స్మారకంలో అందరి పేర్లూ ఒకచోట కనిపిస్తాయి.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో 16 బిహార్ రెజిమెంటుకు కమాండింగ్ ఆఫీసరుగా ఉంటూ నేలకొరిగిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఖడక్‌వాస్లా వారే. అంతకుముందు విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివారు. 1962లో మొదలైన ఆ స్కూలు నుంచి తెలుగు కుర్రాళ్లు తరతరాలుగా ఖడక్‌వాస్లాకు వెళుతున్నారు. అలాంటివారి విషయంలో కోర్స్‌మేట్లకంటే స్కూలు మిత్రులకే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఆరో తరగతిలో చేరిన పిల్లవాణ్ని వారు ఏడేళ్లు చూస్తారు. సూర్యాపేటలో సంతోష్ బాబు విగ్రహాన్ని మొదటి వర్ధంతి నాడు ఆవిష్కరించారు. మహావీర చక్రను 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన భార్య, తల్లి అందుకున్నారు. నువ్వు నల్గొండలోనే ఉన్నావు కనుక సూర్యాపేట వెళ్లి ఆ విగ్రహం చూడు నాయనా. ఆయనతో చదువుకున్నవారు ఇంకా నడివయసులోనే ఉన్నారు; ఎవరైనా తారసపడితే గల్వాన్ గురించి అడగకు, స్కూలు గురించి అడుగు.

ప్రశ్న: మా బాబాయి విమానం కనబడకుండా పోయింది. దేహం దొరకలేదు. ఆయన కోర్స్‌మేట్లు ఏటా అదే తేదీన కలుసుకుంటారు, కానీ దండ వేయడానికి మా పిన్ని ఒప్పుకోదు. వారు ఏం చేస్తే బాగుంటుంది? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఊరికి ఈ బాధ కొత్త కాదు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరి బంగాళాఖాతం మీద మాయమైన ఏఎన్-32 విమానంలో 29 మంది ఉన్నారు; వారిలో ఎనిమిది మంది విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. శకలాలు సముద్రం అడుగున ఉన్న సంగతి 2024 జనవరిలో గాని బయటపడలేదు. 1968 ఫిబ్రవరి 7న రోహ్‌తాంగ్ ప్రాంతంలో 102 మందితో కూలిన ఏఎన్-12 విమానం ఆచూకీ 2003లో దొరికింది. 2024లో కూడా మంచులోంచి నాలుగు దేహాలు తీశారు. యాభై ఆరేళ్ల తర్వాత! అంతకాలం ఎదురుచూసిన ఇళ్లు ఉన్నాయి కనుక, మీ పిన్ని దండ వద్దనడాన్ని మొండితనం అనలేం.

కోర్స్‌మేట్లు ఆ రోజు రావడం మానవద్దు, దండ తేవడం మానాలి. అధికారికంగా మరణించినట్టు ప్రకటించడం, పింఛను వగైరా కాగితాల పని. ఇంట్లో ఆమె ఎలా తలచుకుంటుందో అది ఆమె ఇష్టం. ఆ తేదీతో పాటు ఆయన పుట్టినరోజున కూడా రమ్మని నేను సలహా ఇస్తాను. భోజనానికి కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోవచ్చు, ‘ఉండేవాడు’ అని గాని, ‘ఉన్నాడు’ అని గాని ఎవరూ ఎవరినీ సరిదిద్దకుండా. కోర్సు పుస్తకంలో పేజీ వేసేటప్పుడు ‘మరణం’ అని రాయకుండా, ఆ చోట విమానం బయల్దేరిన తేదీ, ఊరు రాస్తే సరిపోతుంది. అది నిజం, ఆమెకూ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న: ఒకే అకాడమీలో చదివి, తర్వాత వేర్వేరు దేశాల సైన్యాల్లో చేరినవారిని కూడా కోర్సు తనవారిగానే లెక్కపెడుతుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: లెక్కపెట్టాలి. దీనికి డెహ్రాడూన్ మొదటి కోర్సే ఉదాహరణ. 1932లో అక్కడ తొలిసారి చేరిన 40 మందిలో శాం మానెక్‌షా, ముహమ్మద్ మూసా, స్మిత్ డన్ ఉన్నారు. తర్వాత మానెక్‌షా భారత సైన్యానికీ, మూసా పాకిస్థాన్ సైన్యానికీ, స్మిత్ డన్ బర్మా సైన్యానికీ అధిపతులయ్యారు. 1965 యుద్ధంలో పాకిస్థాన్ సైన్యాన్ని నడిపింది మూసాయే. ఆ 40 మందినీ అకాడమీ ఈనాటికీ ‘పయొనీర్లు’ అన్న ఒకే పేరుతో చెప్పుకుంటుంది. ఎవరు ఏ పక్షాన పోరాడారన్నది వారి వారి దేశాల చరిత్రలో ఉంటుంది. 1932లో ఎవరు ఎవరితో చేరారన్నది కోర్సు జాబితాలో ఉంటుంది. మిత్రదేశాల నుంచి వచ్చి ఇక్కడ శిక్షణ పొందిన క్యాడెట్ల విషయంలోనూ అంతే. వారిలో ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో కనుక్కోవడమే కష్టం. ఆ దేశపు రాయబార కార్యాలయంలోని సైనిక ప్రతినిధికి ఉత్తరం రాస్తే కొన్నిసార్లు జవాబు వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి కోర్సు స్వర్ణోత్సవానికి, ఆయన లేకపోయినా, మా అమ్మనూ నన్నూ పిలిచారు. స్మారకం వద్ద పుష్పగుచ్ఛం ఉంచేటప్పుడు ఆయన పతకాలు ధరించవచ్చా? ఇంకేం తీసుకువెళ్లాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ధరించవచ్చు. సొంత పతకాలు ఎడమ వైపు పెట్టుకుంటారు. మరణించినవారి పతకాలను కుటుంబ సభ్యులు స్మారక కార్యక్రమాల్లో కుడి వైపు పెట్టుకుంటారు. అమ్మ పెట్టుకుంటే బాగుంటుంది. ఆమె వద్దంటే మీరు పెట్టుకోండి, ఇద్దరూ పంచుకుని పెట్టుకోవద్దు. రిబ్బన్లు పాతబడి ఉంటే ముందే మార్పించండి. సికింద్రాబాదులో పతకాలను బార్ మీద కుట్టి అమర్చే దర్జీలు ఇప్పటికీ ఉన్నారు. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ (మరణించినవారికి నివాళిగా ఊదే బాణీ) వినిపించినంతసేపూ నిలబడి ఉండాలి, ఫోటోలు తీయకూడదు. కోర్సువారు ఇచ్చే కార్యక్రమ పత్రంలో ఎవరు ఎప్పుడు ముందుకు వెళ్లాలో ఉంటుంది. లేకపోతే మీ నాన్నగారి స్క్వాడ్రన్ వారి వెనకే నిలబడండి, వారే చెబుతారు. అకాడమీ లోపలికి వెళ్లడానికి ఆధార్ కార్డులు అడుగుతారు. వాహనం నంబరు ముందే కోర్సువారికి పంపండి. ఆయన క్యాడెట్ రోజుల ఫోటోలు ఇంట్లో ఉంటే తీసుకువెళ్లి, వెనక పేర్లు లేనివాటి మీద ఆ మిత్రుల చేత పెన్సిలుతో పేర్లు రాయించుకోండి.